వినోదవేళ: భోజనపుబల్లపై ఎగురుపడవ

ఈ వేసవిసెలవులలో చిక్కడపల్లిలోని మా యింట భోజనపుబల్లపై ఒక యుద్ధవిమానపు నమూనా తయారైనది. కట్టినది మా అమ్మాయి. చుట్టపుచూపుగా వచ్చిన మా పిన్నిగారు దానిని చూచి, "ఆడపిల్లకు ఈ యుద్ధపుబొమ్మ లేలనే?" అనిరి. యుద్ధమునకై పుట్టిన యంత్రము పిల్లల కాటవస్తువు కావచ్చునా యని మాకును సంశయము లేకపోలేదు.

ఆ విమానము పేరు కాటలీనా. ఇది ఫ్లయింగ్ బోటు. అనగా దీని పొట్టయే పడవ. నీటిమీద దిగి, నీటినుండియే లేచును. ఱెక్కల కొనలనున్న తెప్పలు ఎగురునప్పుడు పైకి మడిగి ఱెక్కలలో కలిసిపోవును. అసలు విమానపు ఱెక్కల నిడివి 104 అడుగులు. 72వ వంతు నమూనాలో అది 17 అంగుళములకు కొంచెము పైబడును.

"అమ్మా, మన హుస్సేనుసాగరువంటి చెఱువులో ఇంత విమానము దిగునా?" అని అమ్మాయి యడిగినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారి కాటలీనాలు మద్రాసు చెంత రెడ్ హిల్స్ చెఱువుమీద నుండెడివని చెప్పితిమి. ఆ పట్టణపు తెలుగు ఇండ్లలో బిందెలు నింపిన త్రాగునీటి చెఱువే అది.

పిమ్మట మఱియొక కథ చెప్పితిమి. 1942 ఏప్రిల్ 4వ తేదీన, సింహళమునందలి కొగ్గల సరస్సునుండి వెడలిన కాటలీనా యొకటి దక్షిణసముద్రమున జపాను నౌకాదళమును కనుగొనెను. దాని నాయకుడు లియొనార్డ్ బిర్చాల్ అను కెనడా వైమానికుడు. వార్త పంపుచుండగనే శత్రువిమానములు దానిని కూల్చినవి. తొమ్మండుగురిలో ముగ్గురు మరణించిరి, ఆర్గురు బందీలైరి. మరునాడు కొలంబోపై బాంబులు పడెను; ఆ హెచ్చరిక అచటికి ముందే చేరినది. ఏప్రిల్ 6న వేఱొక జపాను దళపు విమానములు మన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి.

అమ్మాయి తుపాకుల ముక్కలను ప్రక్కనుంచి, పెట్టెలోని మనుష్యుల బొమ్మలను లెక్కించినది. తొమ్మిది లేవు. "మిగిలినవా రేరమ్మా?" అనినది. మా సంశయము అంతటితో తీరినది.

ఇట్టి కిట్టు కొనదలచినవారికి రెండు మాటలు. చక్రములుగల రకమైనచో, పొట్ట రెండుభాగములను అంటింపకముందే ముక్కులో చిన్న యినుపగుండ్లు అమర్చవలెను. లేకున్న తోక క్రిందికి వాలును. బిర్చాల్ నడపిన రకమునకు చక్రములు లేవు గనుక ఈ పని యుండదు. జిగురు వాడునపుడు కిటికీలు తెఱచి యుంచుడు. చిన్నముక్కలను పసివారి కందనీయకుడు.

కథ వినుచున్న పిన్నిగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, ఆ యేప్రిలు మాసమున తమ తల్లిగారు చిన్నపిల్లగా కాకినాడ యిల్లు విడిచి బండిలో పల్లెకు పోయిన వృత్తాంతము మెల్లగా చెప్పదొడగిరి. ఇన్నేండ్లలో మే మెన్నడును అది వినలేదు. అమ్మాయి జిగురుచేతులతోనే ఆమె ప్రక్కకు జరిగి కూర్చుండినది.