మెరక మీది నగరం, పల్లంలోని నీరు

నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ నగరం సముద్రమట్టానికి సుమారు 1,780 అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడి కుళాయిల్లో పడే ప్రతి కృష్ణా చుక్కనూ దాదాపు 1,200 అడుగులు పైకి ఎత్తి, వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నెట్టుకురావాలి. పంపుల్లో, పైపుల్లో పోయే వృథాను పక్కన పెట్టినా, వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు చేర్చడానికి ఒక యూనిట్ కరెంటు కావాలి. మూడు దశల కృష్ణా పథకం సామర్థ్యం రోజుకు 27 కోట్ల గ్యాలన్లు. పూర్తిగా నడిస్తే నీళ్లెత్తడానికే రోజూ తక్కువలో తక్కువ 12 లక్షల యూనిట్లు కాలిపోతాయి. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీటి ఖర్చు దీనికి అదనం.

ఖర్చు ఎంతైనా నీళ్లు వస్తున్నాయి కదా అన్న భరోసా కూడా ఇప్పుడు లేదు. 2023 ఆగస్టులో దేశంలో కురిసిన వాన 1901 తర్వాత ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ. ఆ ఏడాది సాగర్ నిండలేదు. మరుసటి వేసవిలో నీటిమట్టం అడుగంటి, మామూలు పంపులకు నీరందక, నగరం కోసం అత్యవసర పంపింగ్ చేయాల్సి వచ్చింది. నీరు ఎంత కిందికి దిగితే ఎత్తడానికి అంత ఎక్కువ కరెంటు కావాలి. జలాశయాలు ఎండిన ఏడాది శ్రీశైలం, సాగర్ టర్బైన్లూ కుంటుతాయి. ఆ లోటు పూడ్చాల్సింది బొగ్గు కేంద్రాలు. వాటికీ దాహమే: పాత కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన పరిమితే యూనిట్‌కు మూడున్నర లీటర్లు. ఇటు బోర్లు ఎండి వీధివీధినా ట్యాంకర్లు తిరిగేదీ, రాత్రయినా సెగ తగ్గని కాంక్రీటు మధ్య ఇంటింటా ఏసీలు ఆగకుండా నడిచేదీ సరిగ్గా ఆ వేసవిలోనే. గదిలోని వేడిని ఆ ఏసీలు వీధిలోకే వదులుతాయి. ఏసీ లేని రేకుల ఇంట్లో పడుకున్నవారు ఆ వేడినీ భరించాలి, బిందెడు నీళ్ల కోసం తెల్లవారుజామునే లేచి కూర్చోవాలి. ఇది అన్యాయం.

మరి వాన పడటం లేదా? పడుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం అదనంగా తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. పాతబస్తీ వైపు చెరువు కట్టలు తెగి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఒకప్పుడు ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీరు చేరేది. శిఖం భూముల్లో ప్లాట్లు వేసి, నాలాల మీద గోడలు కట్టి ఆ గొలుసును మనమే తెంపుకున్నాం. మన వీధుల మీద పడ్డ వాన మూసీ పాలైంది. అదే అవసరానికి సాగర్ నుంచి నీళ్లు ఎత్తి తెచ్చుకుంటున్నాం.

ఈ నగరానికి ఇంతకన్నా మంచి ఆలోచన నూరేళ్ల కిందటే వచ్చింది. 1908 సెప్టెంబరు మూసీ వరద వేలమందిని బలిగొన్న తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాల ఫలితమే 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), 1927లో హిమాయత్‌సాగర్. వరదను ఆపే కట్టలే దాహం తీర్చే చెరువులయ్యాయి. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు. నీరు పల్లమెరుగు అంటాం కదా, గండిపేట నీళ్లు పంపు అవసరం లేకుండా పల్లానికి పారుతూనే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్లకు చేరాయి.

ఈ జంట జలాశయాలకు చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో రక్షణ ఇచ్చిన 111 జీవో 1996 మార్చి 8న వచ్చింది. వాటి పరీవాహకంలో పరిశ్రమకు మినహాయింపు చెల్లదని 2000లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ రక్షణను సడలించారు. కృష్ణా, గోదావరి వచ్చాక ఈ చెరువుల నీటితో నగరానికి పెద్దగా పని లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఈ వాదన తప్పు. కోటి జనాభాకు రెండు చెరువులు చాలవన్నది నిజమే. అయితే కరెంటు కోతల వేసవిలో, సాగర్ అడుగంటిన ఏడాదిలో, పంపు లేకుండా దిగివచ్చే నీటి విలువను నగర వాటాలో శాతంతో కొలవకూడదు. పైగా అవి మూసీ వరదకు అడ్డుకట్టలు. వాటి పరీవాహకాన్ని కాంక్రీటు చేస్తే మురుగు చెరువులోకీ, వరద నగరంలోకీ వస్తాయి. ఎనభై నాలుగు గ్రామాల రైతులు పాతికేళ్లకు పైగా ఆంక్షలు భరించారు. వారికి ఏటా పరిహారం ఇవ్వాలి. అది నగరం చెల్లించాల్సిన నీటి బిల్లు.

కాబట్టి ప్రభుత్వం 69 జీవోను వెనక్కు తీసుకోవాలి. జీవోతో సరిపెట్టకుండా, మరో జీవోతో కొట్టేయడానికి వీల్లేని చట్టం తేవాలి. జలమండలి ప్రతి నెలా ఏ నది నీటికి వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో ప్రకటించాలి. నిర్మాణాలకూ, పెద్ద భవనాల కూలింగ్ టవర్లకూ తాగునీరు ఆపి శుద్ధి చేసిన మురుగునీటినే ఇవ్వాలి. ఆ కరెంటు లెక్కలు జనం ముందుకు వచ్చేదాకా, దూరపు నదుల నుంచి మరో పైప్‌లైన్‌కు ఒక్క రూపాయి కూడా మంజూరు చేయకూడదు.