మాత్రకూ మితి ఉండాలి

మాత్ర అనే పదానికి గుళిక అనీ, పరిమాణమనీ రెండర్థాలు. నేడు మొదటి అర్థమే మిగిలి, రెండవది మరుగున పడింది.

ఎండకు కొదవలేని తిరుపతి ప్రాంతంలో సైతం, పల్లెలలోను, పట్టణంలోను డి విటమిన్ లోపం అధికమని ఇక్కడి స్విమ్స్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. కనుక లోపమున్నవారికి మందు అవసరమే. అయితే సాధారణంగా వారానికొకటి చొప్పున, వైద్యులు చెప్పిన కొద్ది వారాలే వాడవలసిన 60,000 యూనిట్ల గుళికను, బలానికని పాత చీటీతో నెలల తరబడి మింగడం అనుచితం.

బి, సి విటమిన్లు నీటిలో కరిగేవి. మిగులు చాలావరకు మూత్రంలో పోతుంది. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగేవి. వీటిలో ఎ, డి ముఖ్యంగా దేహంలో నిలువ చేరుతాయి. డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం కలుగుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎ అధికమైతే కాలేయానికీ, గర్భస్థ శిశువుకూ హాని.

ఎండ తగిలిన చర్మం మితి దాటి డి విటమిన్‌ను తయారుచేయదు. మునగాకు, బొప్పాయిలోని కెరోటిన్‌ను దేహం తన అవసరం మేరకే ఎ విటమిన్‌గా మార్చుకొంటుంది. గుళికకు అట్టి అదుపు లేదు.

కావున పాఠకులారా, వైద్యుని సలహా లేనిదే వీటిని వాడవద్దు. వాడుతున్నవారు ఎంత మోతాదు, ఎన్నాళ్లు అన్నది తప్పక అడిగి తెలుసుకోవాలి.