సంపద వచ్చిన పిమ్మటనా వైద్యము?

ఆరోగ్యమే మహాభాగ్యమని వేదికలెక్కి పలుకని నాయకుడు మన దేశమున లేడు. కాని యా భాగ్యమును ప్రజలందఱికిని సమకూర్చుడని కోరినంతనే, దేశము బీదది, ఖజానా చాలదు, సంపద పెరిగిన పిమ్మట చూతమను ప్రత్యుత్తరము వచ్చును. ఈ వాదము చరిత్రయెదుట నిలువజాలదని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము.

బ్రిటనుదేశపు వృత్తాంతమును చూడుడు. 1911లో లాయిడ్ జార్జి తెచ్చిన బీమాచట్టము కూలికి వైద్యుని చూపెను గాని, వాని భార్యాబిడ్డలను విడిచిపెట్టెను. పెక్కుచోట్ల గనికార్మికులు చందాలు కూర్చుకొని తమ వైద్యసంఘములను తామే నడుపుకొనిరి. అట్టి సంఘముగల ట్రెడీగరు పట్టణమున గనికార్మికుని యింట పుట్టి, బాల్యముననే గనిలో దిగిన అన్యూరిన్ బెవాన్ 1945లో ఆరోగ్యమంత్రి యయ్యెను. 1942నాటి బెవరిడ్జి నివేదిక కోరిన జాతీయవైద్యమునకు 1946లో చట్టరూపమిచ్చినవాడాతడే.

అప్పుడా దేశము సంపదతో తులతూగుచుండెనా? యుద్ధమున నగరములు కూలియుండెను. అమెరికావద్ద 375 కోట్ల డాలర్ల ఋణము పుచ్చుకొనవలసి వచ్చెను. యుద్ధకాలమున సైతము లేని రొట్టెరేషను 1946లో వచ్చిపడెను. ప్రతిపక్షము బిల్లునకు వ్యతిరేకముగా వోటు వేసెను. 1948 ఫిబ్రవరిలో వైద్యుల సంఘము తన సభ్యుల యభిప్రాయము నడుగగా, బదులిచ్చినవారిలో పదింట తొమ్మిదివంతులమంది ఆ చట్టము తమకు సమ్మతము గాదనిరి. అయినను 1948 జూలై 5న ఆ వ్యవస్థ ప్రారంభమయ్యెను. రొట్టెరేషను తొలగకముందే ఉచితవైద్యము వచ్చినది!

ఆ వ్యవస్థ నిర్దోషమని మేమనము. 1951లో కట్టుడుపళ్లకును కళ్లద్దములకును రుసుము విధింపగా బెవానే మంత్రిపదవిని వదలుకొనెను. చికిత్సకై వేచియుండు రోగుల పట్టికలు నేటికిని పొడవైనవే. కాని వైద్యుని చూచుటకు ముందుగా సంచి విప్పనక్కఱలేదను సూత్రము నిలిచినది. దానిని నిలిపినవారిలో ఇచ్చటినుండి వెళ్లిన వైద్యులు వేలకొలది కలరు.

మనకు త్రోవ చూపువారు లేకపోలేదు. 1943లో ఏర్పడిన భోర్ సంఘము 1946లో, అనగా బ్రిటిషు చట్టము వచ్చిన యేడే, డబ్బు చెల్లింపలేని కారణమున ఎవ్వరికిని వైద్యము లేకుండరాదని వ్రాసెను. తొలిమెట్టుగా 40,000 మందికొక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము కావలెననెను. అచ్చటి కాగితము ఆసుపత్రిగా మాఱెను. ఇచ్చటి కాగితము బీరువా చేరెను. 1952 మొదలు కేంద్రములు తెఱవబడిన మాట నిజమే. కాని తలుపు తెఱచినంత మాత్రమున వైద్యుడు వచ్చునా? మందు వచ్చునా?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చినది. వీనివలన ప్రాణములు దక్కినవారు కలరు; దానిని కాదనుట అన్యాయము. అయినను ఈ పథకములు ప్రధానముగా ఆసుపత్రిలో చేరినవారికే. రక్తపుపోటుకు నెలనెలా మందుకొను కూలివాడు తన చేతిడబ్బే చెల్లించుచున్నాడు. ఆ మందు మాని పక్షవాతమున పడిన పిమ్మట కార్డు పనికివచ్చును. ఇల్లంటుకొన్న పిమ్మట బావి త్రవ్వుటకును దీనికిని భేదమేమి? జాతీయోత్పత్తిలో నూటికి 2.5 వంతులు ప్రభుత్వములు ఆరోగ్యమునకు వెచ్చింపవలెనని 2017నాటి విధానము 2025ను గడువుగా పెట్టెను. గడువు గడచినది, మాట చెల్లలేదు.

వైద్యము ప్రభువుల దయాదానమని యెవ్వరును భ్రమపడకుందురు గాక. అగ్గిపెట్టె కొన్న ముసలమ్మయు పన్ను కట్టుచునే యున్నది. ఆమె యూరికి వైద్యుని, మందును పంపుట ఆమె ఋణము తీర్చుటయే. బీదతనమే వైద్యమునకు అడ్డమైనచో 1948లో బ్రిటను ఆ పని చేయజాలకుండెడిది. మనకు కొఱవడినది ధనము గాదు, సంకల్పము. వోటడుగ వచ్చువారిని ప్రజలు ముందుగా ఈ లెక్క యడుగుదురు గాక!