గాలి స్ప్రింగు బండి - రైతు వహింపవలసిన శ్రద్ధ

కాయ కోసి క్రేట్ల కెత్తినంతమాత్రమున మన పని ముగియదు. తోటలో నిగనిగలాడిన మామిడికాయ మార్కెట్టు చేరునప్పటికి కమిలిపోయినచో, ఏడాది పొడుగునా పడిన శ్రమకు తగిన ధర రాదు. ఆ నష్టమును బండివాడు భరింపడు, కమీషను వ్యాపారి భరింపడు, రైతే భరింపవలెను. కావున సరుకు మోయు బండి స్థితి తెలిసికొనుట డ్రైవరుకే వదలక, రైతు కూడ పట్టించుకొనవలెనని నా అభిప్రాయము.

మన లారీలలో ఎక్కువ భాగము నేటికిని ఉక్కు కమాను పట్టీలవే. సున్నితమైన సరుకు మోయు కొన్ని బండ్లకు మాత్రము గాలి స్ప్రింగులు అమర్చుచున్నారు. దారపు పొరలు గల దళసరి రబ్బరు సంచిలో ఒత్తిడి గాలి నింపి, ఇరుసుకు, బండి చట్రమునకు నడుమ ఉంచుదురు. దీనినే డ్రైవర్లు బెలూను అందురు. బరువును బట్టి గాలిని ఎక్కించుటకు, విడుచుటకు లెవలింగు వాల్వు ఉండును. కమాను పట్టీల బండి సెకనుకు సుమారు 3, 4 సార్లు ఊగగా, మంచి గాలి స్ప్రింగు బండి సుమారు 2 సార్లకు మించి ఊగదు. అందుచే పై వరుస క్రేట్లలోని కాయలు ఎగిరిపడుట తగ్గును.

ఈ మేలంతయు గాలి నిలిచినంతవరకే. నే నెరిగిన ఒక రైతు అధిక బాడుగ ఇచ్చి ఇట్టి బండిని కుదుర్చుకొన్నాడు. వెనుక ఒక బెలూనులో గాలి నిలుచుటలేదు. "ఈ ఒక్క ట్రిప్పుకు ఏమీ కాదు" అన్నాడు డ్రైవరు. ఆ ప్రక్క క్రేట్లలోని కాయలే కమిలినవి. గాలికి బాడుగ చెల్లించి, గాలి లేని బండిలో పంట పంపినట్లయినది!

మీరు చూడవలసినవి కష్టమైనవి కావు. రాత్రి నిలిపిన బండి ఉదయము ఒక ప్రక్కకు ఒరిగియున్నచో గాలి కారుచున్నదని అనుమానింపవలెను. గొట్టముల అతుకులపై సబ్బునీరు పూసిన, కారుచోట బుడగలు లేచును. గాలి ట్యాంకులో చేరిన నీటిని క్రమముగా తీసివేయవలెను. లేనిచో వాల్వులు తుప్పుపట్టును. బెలూను చుట్టును అంగుళమైనను ఖాళీ ఉండవలెను. టైరుగాని, గొట్టముగాని రాచుకొనరాదు. పొలపుబాటలో నడచిన తరువాత మడతలలోని బురదను, రాళ్లను సబ్బునీటితో కడుగవలెను. డీజిలు, కిరసనాయిలు రబ్బరును చెరచును గనుక వాడరాదు. షాకబ్జార్బరు నుండి నూనె కారుచున్న, వెంటనే మార్పింపవలెను. బెలూను మితిమీరి సాగకుండ ఆపునది సాధారణముగా అదియే. చిరిగిన బెలూనుకు ట్యూబువలె అతుకు వేయరాదు.

మరొక ముఖ్య విషయము. గాలిపై మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎవ్వరును దూరరాదు. బెలూను పగిలినను, గాలి దిగినను చట్రము ఒక్కసారిగా క్రుంగి ప్రాణము తీయును. చక్రములకు అడ్డు పెట్టి, చట్రము క్రింద గట్టి స్టాండ్లు నిలిపి, గాలి పూర్తిగా విడిచిన పిదపనే బోల్టులు విప్పవలెను.

గాలి స్ప్రింగు ఉన్నదని అధిక బరువు ఎక్కించుట పొరపాటు. బండి వంగక కనిపించినను ఇరుసు, టైర్లు, బ్రేకులు మోయగల బరువు పెరుగదు. పైగా 2019 మోటారు వాహనముల సవరణ చట్టము అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానాను, మించిన ప్రతి టన్నుకు 2,000 రూపాయలను విధించుచున్నది.

గ్రామాధికారులు కోతల కాలమునకు ముందే ఒక మెకానిక్కును పిలిపించి, రైతులకు, డ్రైవర్లకు ఈ తనిఖీ చేసి చూపించిన ఎంతో మేలు కలుగును. రైతు సోదరులారా! మొదటి క్రేటు ఎక్కించుటకు ముందు పది నిమిషములు బండి చుట్టు తిరిగి చూడుడు. గాలి సరిగా లేని బండిని మొగమాటము లేక తిప్పి పంపుడు.