"బ్యాటరీ మార్చెయ్యండి సార్"

సెల్ఫ్ టకటకమన్నా, ఈడ్చినట్టు తిరిగినా, అసలు చప్పుడే రాకపోయినా మన దగ్గర తీర్పు ఒక్కటే: "బ్యాటరీ పోయింది, మార్చెయ్యండి సార్." పక్కింటాయన అదే అంటాడు, ఫోన్లో మెకానిక్ అదే అంటాడు. ఇంకో బండి నుంచి జంపర్ కేబుల్ తగిలించగానే ఇంజన్ లేచిందంటే ఇక అనుమానమే లేదు. జంపర్ పెడితే లేచింది కాబట్టి బ్యాటరీలో దమ్ము లేనట్టే అంటారు. ఈ వాదన తప్పు. తప్పని మీటరుతో చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాకినాడలో మా అన్నయ్య కారుకు ఏడాదిలో రెండు బ్యాటరీలు మారాయి. రెండోది వేసిన మూడు నెలలకే సెల్ఫ్ మళ్లీ ఈడ్చినట్టు తిరగడం మొదలుపెట్టింది. ఈసారి సెల్ఫ్ మోటారే మార్చాలన్నారు. ఆ వారం నేను అక్కడే ఉన్నాను. బానెట్ ఎత్తి మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే నిండుగా ఉంది. అన్నయ్య తాళం తిప్పుతుంటే పోస్టుల మీద 11.3. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి, ఇది ఆ దరిదాపుల్లోనే లేదు. హెడ్‌లైట్లు కూడా మసకబారలేదు.

అప్పుడు ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకోటి ఇంజన్ బ్లాకు మీద ఆనించి మళ్లీ తాళం తిప్పమన్నాను. సున్నాకు దగ్గరగా, మహా అయితే 0.2 వోల్టు ఉండాల్సిన చోట 2.8 వచ్చింది. మోటారుకు దక్కుతున్నది ఎనిమిదిన్నర కూడా కాదన్నమాట. బ్లాకు మీది ప్రోబును తీసి బాడీ మీద పెడితే 0.1. తేడా అంతా బాడీకీ ఇంజన్‌కీ మధ్యే ఉంది.

ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీతో దానికి కరెంటు సంబంధం కలిపేది ఒక జడలాంటి రాగి ఎర్త్ పట్టీ. పదో నంబరు స్పానర్‌తో బోల్టు విప్పితే దాని కింద సముద్రపు గాలికి పట్టిన పచ్చటి చిలుము పొడిపొడిగా రాలింది. ఉప్పు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించాం. మళ్లీ చూస్తే 0.15. సెల్ఫ్ ఒక్క తిప్పుకే అందుకుంది.

మరి అంతకుముందు అన్నయ్య కారుకు జంపర్ పెట్టినప్పుడు ఎలా లేచిందంటారా? నల్ల క్లిప్పును పక్కింటాయన ఇంజన్ ఎత్తే కొక్కేనికి తగిలించాడు. చెడిపోయిన పట్టీని దాటేసి కరెంటుకు కొత్త దారి దొరికింది. కొత్త బ్యాటరీతో బండి ఎందుకు లేచిందన్నదానికీ జవాబుంది. బ్యాటరీ మార్చేవాడు టెర్మినల్స్ గీకి, తుడిచి, గట్టిగా బిగిస్తాడు. దారిలోని నష్టం కాస్త తగ్గుతుంది, బండి లేస్తుంది. పని చేసింది ఆ గీకుడు, పేరు బ్యాటరీకి వచ్చింది.

"వైరు ఓమ్స్‌లో పెట్టి చూశాం, బాగానే ఉంది" అనేవాళ్లూ ఉన్నారు. చెంబుడు నీళ్లు పోసి చూస్తే సగం పూడిన తూము కూడా బాగున్నట్టే ఉంటుంది, దాని సంగతి తెలిసేది వరద వచ్చినప్పుడు. మీటరు పంపేది మిల్లీ ఆంపియర్లు. చిన్న కారు సెల్ఫ్ కూడా నూటయాభై ఆంపియర్ల దాకా లాగుతుంది. దారిలో 0.02 ఓమ్ అడ్డున్నా చాలు, మూడు వోల్టులు అక్కడే వేడై పోతాయి. అంత చిన్న అడ్డు మామూలు మీటరుకు ఆనదు. అందుకే సెల్ఫ్ కొడుతుండగా కొలవాలి.

1912 మోడల్ క్యాడిలాక్‌కు చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టినప్పటి నుంచి ఎన్ని మార్పులు వచ్చినా, లావు వైరు కరెంటు మోస్తుంది, దాన్ని కలిపే పని స్విచ్చుది. ఇప్పటి కార్లలో ఆ కలిపే పని సొలినాయిడ్‌ది, దాన్ని లేపేది సన్న వైరు. చప్పుడే రాకపోతే చూడాల్సింది ఆ సన్న వైరు దారి: ఫ్యూజు, రిలే, క్లచ్ స్విచ్, ఇగ్నిషన్ స్విచ్. టక్కుమని ఒక్కసారే ఆగిపోతే సొలినాయిడ్ కాంటాక్టులో, బ్రష్‌లో అయ్యుండొచ్చు. టకటకమంటే బ్యాటరీయో దాని టెర్మినల్సో. మూడు జబ్బులకూ ఒకే మాత్ర ఎలా సరిపోతుంది?

మన ఎండలకు బ్యాటరీలు త్వరగా చచ్చిపోతాయన్నది నిజమే. అందుకే గుడ్డిగా చెప్పిన మాట కూడా చాలాసార్లు నిజమైపోతుంది, నమ్మకం బలపడుతుంది. అయినా అయిదు నిమిషాల కొలత తప్పించుకోవడానికి అది సాకు కాదు.

తప్పు మెకానిక్‌ది మాత్రమే అనను. వేలు పోసి బ్యాటరీ కొనేవాళ్లం, "ఊరికే చూసినందుకు మూడొందలా?" అని బేరమాడతాం. సామాను అమ్మితేనే కూలి గిట్టేలా చేసి, కొలిచి చెప్పలేదని అతన్ని తిట్టడం న్యాయం కాదు. మార్చమన్నప్పుడు "సెల్ఫ్ కొడుతుంటే పోస్టుల మీద ఎంతుంది, బ్లాకు మీద ఎంతుంది?" అని అడగండి. ఆ రెండు అంకెలూ కొలిచి చెప్పిన మనిషికి ఆ మూడొందలు బేరం లేకుండా ఇవ్వండి. అన్నయ్య ఇప్పుడు ఇస్తున్నాడు. ఆ బ్యాటరీకి మూడో ఏడు నడుస్తోంది.