చక్రాల ఇంటిలో షవరు అవసరమా?



నాతో పాటు ప్రభుత్వ వైద్యశాలలో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక మిత్రుడు గత వారము ఫోను చేశారు. ఈ వేసవిలో దంపతులిద్దరూ అమెరికాలోని కుమారుని వద్దకు వెళుతున్నారు. కుమారుడు ఒక క్యాంపరు అద్దెకు తీసుకొని అందరినీ పది దినములు త్రిప్పాలని అనుకొంటున్నాడు. షవరు ఉన్న బండికి అద్దె ఎక్కువ, లేనిదానికి తక్కువ. “డాక్టరు గారూ, మీరు వెళ్ళివచ్చారు కదా! ఆ షవరుకు అంత డబ్బు పెట్టడము దండుగ కాదా?” అని ఆయన ప్రశ్న. ఫోనులో రెండు ముక్కలలో చెప్పగలిగిన సమాధానము కాదు కనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

క్యాంపరు అంటే చక్రాల మీద నడిచే చిన్న ఇల్లు. పడకలు, పొయ్యి, మరుగుదొడ్డి అందులోనే ఉంటాయి. మంచినీటికి ఒక టాంకు, వాడిన నీటికి ఒకటి, మరుగుదొడ్డి నీటికి మరొకటి ఉంటాయి. కొన్ని విడుదులలో నీరు, విద్యుత్తు, మురుగు గొట్టము బండికి కలుపుకొనే వసతి ఉంటుంది. అది లేనిచోట టాంకులో ఉన్న నీరే మన ఆస్తి. వాడిన నీటిని నేలపై వదలరాదు. దానికై ఏర్పరచిన చోటికి చేరేవరకు మనతోనే మోసుకొని పోవాలి.

మూడు సంవత్సరముల క్రితము మా అబ్బాయి డెన్వర్ నుంచి మమ్మల్ని ఇటువంటి బండిలోనే యెల్లోస్టోన్ తీసుకొని వెళ్ళాడు. ఆ ఉద్యానవనములో బండికి అన్ని వసతులూ కలుపుకోగల విడిది ఫిషింగ్ బ్రిడ్జి వద్ద ఒక్కటే ఉన్నది. అక్కడ మాకు చోటు దొరకలేదు. మేము దిగిన విడిదిలో నీటి కుళాయి ఉన్నది కాని స్నానపు గదులు లేవు.

నా శ్రీమతి స్నానము చేయనిదే పొయ్యి ముట్టదు. అరవై ఏళ్ళుగా ఉన్న అలవాటు. మొదటి రెండు దినములు బండిలోని షవరుతో అందరమూ సుఖముగా స్నానములు చేశాము. మూడవ దినము ఉదయము ఆమె పడక మీద నుంచి లేచి నిలబడగానే తూలి, తలుపు పట్టుకొన్నది. నాలుక చూస్తే ఎండిపోయి ఉన్నది. పడుకొన్నపుడు 126 ఉన్న రక్తపోటు నిలబడితే 98కి పడిపోయింది. ఎంత నీరు త్రాగావని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది: “టాంకులో నీళ్ళు మళ్ళీ అందరి స్నానాలకూ సరిపోవాలి కదండీ! అందుకని కాస్త తగ్గించుకొన్నాను.”

ఆమె రక్తపోటుకు తీసుకొనే మాత్రలలో మూత్రమును ఎక్కువ చేసే మందు కూడా ఉన్నది. మేమున్న చోటు సముద్రమట్టానికి సుమారు 2,350 మీటర్ల ఎత్తు; గాలి చాలా పొడిగా ఉంటుంది. చెమట పట్టినట్లు తెలియకుండానే శరీరము నుంచి నీరు పోతుంది. వయసు పెరిగినకొద్దీ దాహము తెలియడము కూడా తగ్గుతుంది. ఆ దినము ఆ మాత్ర ఆపి, ఓఆర్ఎస్ కలిపిన నీరు కొంచెము కొంచెముగా త్రాగిస్తే సాయంత్రానికి తేరుకొన్నది. నలభై ఏళ్ళు రోగులకు నీళ్ళు త్రాగమని చెప్పిన వైద్యుడిని, నా ఇంటి మనిషి స్నానము కోసము దాహము చంపుకొంటూ ఉంటే రెండు దినములు గమనించలేకపోయాను. నా అభిప్రాయము ఆనాడు ఏర్పడినదే.

ముందు లెక్క చూద్దాము. అమెరికాలో ఇళ్ళ షవర్లు నిమిషానికి 2.5 గ్యాలన్లు, అనగా సుమారు 9.5 లీటర్లకు మించి నీరు వదలకూడదని నియమము. క్యాంపరు షవరు అందులో సగమే వదులుతుందని అనుకొన్నా, పది నిమిషముల స్నానమునకు 47 లీటర్లు కావాలి. నలుగురికి దాదాపు 190 లీటర్లు. 40 గ్యాలన్ల టాంకులో పట్టేది 150 లీటర్లు. నాలుగవ మనిషి సబ్బు కడుక్కోకముందే టాంకు ఖాళీ అవుతుంది.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినపుడు నేను హౌస్ సర్జన్‌ని. సహాయ శిబిరములో పనిచేసిన ఆ దినములలో నీటిని బిందెలతో లెక్కపెట్టి పంచడము చూశాను. త్రాగుటకు ముందు, వంటకు తరువాత, చేతులకు ఆ తరువాత, ఒంటికి చివర. నేడు విపత్తు శిబిరములకు పాటించే స్ఫియర్ ప్రమాణముల ప్రకారము త్రాగుటకు, వంటకు, శుభ్రతకు అన్నిటికీ కలిపి మనిషికి దినమునకు కనీసము 15 లీటర్లు ఉండాలి. క్యాంపరులో నిలబడి షవరు క్రింద మూడు నిమిషములలో వదిలేది దాదాపు ఆ 15 లీటర్లే.

ఇక రోజూ ఒళ్ళంతా సబ్బుతో రుద్దుకోవడము ఆరోగ్యమునకు తప్పనిసరా అంటే, కాదు. మన ఊళ్ళ ఎండలలో, చెమటలో స్నానము అవసరమే. చల్లని పొడిగాలిలో వయసు మళ్ళినవారి చర్మము రోజూ వేడినీటికి, సబ్బుకు పొడిబారి, పగిలి, దురద పెడుతుంది. రోజూ శుభ్రము చేయవలసినవి ముఖము, చంకలు, గజ్జలు, మర్మావయవములు, పాదములు. మధుమేహము ఉన్నవారు వ్రేళ్ళ సందులు కడిగి, తడి లేకుండా తుడుచుకొని, పాదములను కంటితో చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యము భోజనమునకు ముందు, మరుగుదొడ్డికి వెళ్ళిన తరువాత ఇరవై సెకన్లు సబ్బుతో చేతులు కడుక్కోవడము. వీటన్నిటికీ అయిదారు లీటర్లు చాలు.

షవరుతో వృద్ధులకు రెండు చిక్కులున్నాయి. మొదటిది పడిపోవడము. వేడినీటికి రక్తనాళములు వ్యాకోచించి రక్తపోటు తగ్గుతుంది. ప్రొస్టేటుకు, గుండెనొప్పికి మందులు వాడేవారిలో ఇంకా తగ్గవచ్చు. ఇరుకు గదిలో, జారే ప్లాస్టిక్ నేలపై, కళ్ళు మూసుకొని తల రుద్దుకొంటున్నపుడు తూలితే తుంటి ఎముక విరుగుతుంది. రెండవది అరుదైనది కాని తెలిసి ఉండవలసినది. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశమునకు వచ్చినవారికి తీవ్రమైన న్యుమోనియా సోకి పలువురు మరణించారు. మరుసటి ఏడాది కనుగొన్న ఆ సూక్ష్మజీవికి లీజియొనెల్లా అని పేరు పెట్టారు. అది గోరువెచ్చని నిలవ నీటిలో పెరుగుతుంది. ఆ నీటి తుంపరలను పీల్చినపుడు ఊపిరితిత్తులకు చేరుతుంది. యాభై దాటినవారికి, పొగత్రాగేవారికి, ఊపిరితిత్తుల వ్యాధులు, మధుమేహము ఉన్నవారికి ముప్పు ఎక్కువ. నెలల తరబడి ఎండలో నిలిచిన బండి టాంకు దానికి అనుకూలమైన చోటే.

అయితే షవరు లేని బండి తీసుకోమని అంటున్నానా? లేదు. విడిది స్నానపు గదులు ఉన్నా, అవి చాలాచోట్ల బండికి దూరముగా ఉంటాయి. అర్ధరాత్రి విరేచనములు పట్టుకొన్న ముసలివాడు, మూత్రము ఆపుకోలేని పెద్దావిడ, బహిష్టులో ఉన్న కోడలు, చంటిబిడ్డ తల్లి చీకటిలో, చలిలో, ఎలుగుబంట్లు తిరిగే చోట అంత దూరము నడవలేరు. వారికి నాలుగు గోడల మధ్య, తలుపు వేసుకొని, ఒళ్ళు కడుక్కొనే చోటు కావాలి. అది మనిషి గౌరవమునకు సంబంధించిన విషయము. అందుచేత నా సమాధానము ఇది: వయసు మళ్ళినవారు, పసిబిడ్డలు ఉన్న కుటుంబమునకు ఆ గది ఖర్చుకు తగినదే. గోడకున్న షవరు మాత్రము రోజూ వాడవలసినది కాదు.

మూడవ దినము మధ్యాహ్నము దారిలోని అంగడిలో ఒక ప్లాస్టిక్ బకెట్టు, ఒక మగ్గు, కాళ్ళకు రబ్బరున్న పొట్టి స్టూలు కొన్నాము. స్టూలు మీద కూర్చొని, అరబకెట్టు గోరువెచ్చని నీటితో మనము చిన్ననాటి నుంచి చేసే స్నానమే చేశాము. మనిషికి ఎనిమిది లీటర్లు చాలాయి. కూర్చొని ఉన్నాము కనుక తూలే భయము తగ్గింది, తుంపరలూ తగ్గాయి. నీరు ఎంత మిగిలిందో అందరికీ తెలిసేది. రోజు విడిచి రోజు స్నానము, మధ్య దినము తడిగుడ్డ. శ్రీమతి మొదట ముఖము చిట్లించినా, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకొని పొయ్యి ముట్టడానికి ఒప్పుకొన్నది.

బండి తీసుకొనేముందు టాంకును శుద్ధి చేశారా అని అడగండి. చేయకపోతే, ప్రతి 15 గ్యాలన్ల నీటికి పావు కప్పు సువాసన లేని బ్లీచి కలిపి, అన్ని కుళాయిలలో ఆ వాసన వచ్చేవరకు వదిలి, పన్నెండు గంటలు ఉంచి, పారబోసి మంచినీటితో కడగాలి. గదిలో గట్టి పట్టుకమ్మి ఉన్నదా, నేల జారుతున్నదా చూడండి. త్రాగే నీటిని విడిగా క్యానులలో పెట్టుకొని, పెద్దవారు ఎంత త్రాగారో ప్రతిపూటా ఎవరైనా ఒకరు కనిపెట్టి ఉండండి. గుండె, మూత్రపిండముల వ్యాధులున్నవారు ఎంత నీరు త్రాగాలో బయలుదేరేముందే తమ వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

నీరు తక్కువైనపుడు మానుకోవలసినది స్నానము, త్రాగే నీరు కాదు. ఒకనాడు స్నానము మానితే ఏ రోగమూ రాదు. నా మిత్రునికి చెప్పేదీ అదే: గది ఉన్న బండి తీసుకోండి, బకెట్టు, మగ్గు మరువకండి, వదినగారు నీళ్ళు త్రాగుతున్నారో లేదో మీరే చూసుకోండి.