విజయానికి కొలబద్ద

పోటీ అనగానే మన దృష్టి ప్రథమ స్థానంపైనే నిలుస్తుంది. పోటీదారులందరూ ఒకే చోటి నుండి బయలుదేరారా అని విచారించేవారు అరుదు.

2017 జూలైలో వాషింగ్టన్ నగరంలో ఫస్ట్ గ్లోబల్ అంతర్జాతీయ రోబోటిక్స్ పోటీలు జరిగాయి. స్వచ్ఛజలానికి, కలుషితజలానికి సంకేతాలైన బంతులను రోబో వేరుచేయాలి. అఫ్ఘానిస్థాన్‌లోని హెరాత్ నగరం నుండి ఆరుగురు బాలికలు ఇందుకు పూనుకొన్నారు. వారికి రావలసిన విడిభాగాలు కస్టమ్స్ అధికారుల వద్ద చాలాకాలం నిలిచిపోయాయి. అమెరికా వీసా రెండుసార్లు నిరాకరింపబడింది. చివరిక్షణంలో అనుమతి లభించింది. 150కి పైగా దేశాల బృందాల నడుమ వారికి అగ్రస్థానం దక్కలేదు; సాహసోపేతమైన కృషికి రజతపతకం దక్కింది.

కష్టాలను చూసి పతకమిస్తే ప్రతిభకు న్యాయం జరుగుతుందా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఇతరులకు నెలలు లభించగా, తమకు మిగిలిన కొద్దివారాలలోనే యంత్రాన్ని నిర్మించి నడిపించడం ప్రతిభ కాక మరేమిటి? 2020లో కరోనా విజృంభించినప్పుడు ఆ బృందమే పాత కార్ల విడిభాగాలతో వెంటిలేటర్ నమూనాను రూపొందించింది.

2021 ఆగస్టులో తాలిబన్లు అధికారాన్ని చేజిక్కించుకోగా బృందంలో పలువురు ఖతార్, మెక్సికో దేశాలకు తరలిపోయారు. స్వదేశంలో ఆరవ తరగతి దాటిన బాలికలకు పాఠశాలల తలుపులు మూసుకొన్నాయి. ఆ తలుపుల వెనుక ఎందరు యంత్రనిర్మాతలు మిగిలిపోయారో ఏ మార్కుల పట్టికా చెప్పలేదు.

కనుక ప్రతిభను తూచే ముందు అవకాశాన్ని తూచాలి. విజేతను అభినందిద్దాం, ఇతరులను బరిలోకి రానీయని అడ్డుగోడలను కూడా గుర్తిద్దాం.